మీ ఊరి బ్యాండు మేళం చరిత్ర రాయాలంటే

మా నాన్నగారు కోనసీమలో ముప్పై ఏళ్లు క్లారినెట్ వాయించారు. ఆయన పోయాక ఆ మేళం చరిత్ర రాద్దామని కూర్చుంటే నా దగ్గర ఉన్నవి ఒక గ్రూప్ ఫొటో, ఆ క్లారినెట్టు, అంతే. మీరూ రాయాలనుకుంటే ముందు పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. కాగితాలు తర్వాతైనా దొరుకుతాయి.

"ఏ సంవత్సరం?" అని అడగకండి. "86 వరదకి ముందా, తర్వాతా?" అని అడగండి. 1986 ఆగస్టు వరదనీ, 1996 నవంబరు 6 తుఫాన్నీ మా వైపు మర్చిపోయినవాళ్లు లేరు. మేళం ఎప్పుడు మానేశారంటే, నాన్నతో పాటు ట్రంపెట్ వాయించిన బాబాయ్‌కి గుర్తు రాలేదు. తుఫాను మాట ఎత్తగానే, "కొబ్బరిచెట్లు పడిపోయాయి కదమ్మా, ఆ మాఘంలో పెళ్లిళ్లెక్కడివి?" అన్నారు. అలాగే యానాం-ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది. పెద్ద డ్రమ్ముని పంటు (బల్లకట్టు) మీద గోదావరి దాటించామని చెప్పారంటే అది అంతకు ముందు సంగతి.

వట్టి చేతులతో వెళ్లకండి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి రెండుసార్లు బాబాయ్ "ఏముందమ్మా చెప్పడానికి" అని ఊరుకున్నారు. మూడోసారి నాన్న క్లారినెట్ పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. రీడు ఎండిపోయి పలకలేదు. కానీ వేళ్లు మీటల మీద కదిలాయి, ఒక్కో పాటా నోటికొచ్చింది: ఎదురుకోలుకి ఏది, అప్పగింతలకి ఏది, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి మోసుకెళ్లే ప్రభల వెంట నడుస్తూ ఏది. వాళ్లకి చెప్పి, ఫోన్‌లో రికార్డింగ్ ముందే ఆన్ చేసి పెట్టండి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా అడగండి. అడ్వాన్సు ఎంత, మాస్టరు వాటా ఎంత, డ్రమ్ము మోసే కుర్రాడికి ఏం ముట్టేది. భోజనం సంగతి కూడా. చాలా పెళ్లిళ్లలో అందరూ తిని లేచాకే మా నాన్న వాళ్లకి విస్తళ్లు వేసేవారు. అది రాయకపోతే ఆ చరిత్ర సగమే.

రాసింది అచ్చుకివ్వక ముందు వాళ్లకి చదివి వినిపించండి. నేను చదివినప్పుడు బాబాయ్ మధ్యలో ఆపి రెండు పేర్లు రాయించారు. ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన మోసిన ఇద్దరి పేర్లు. వాళ్లు ఫొటోలో లేరు.