పలాసలో జీడిపప్పు వంట క్లాసుకు వెళ్లే ముందు

• పచ్చి జీడిగింజలు కోయడం కూడా నేర్పుతారేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నేర్పుతామంటే అసలు జాగ్రత్త అక్కడే. తొక్కలోంచి కారే జీడి తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. కోసే ముందు అరచేతులకీ వేళ్ల సందులకీ నూనె పట్టించండి. గ్లౌజులుంటే మరీ మంచిది. ఆ చేత్తో కళ్లు, మూతి తుడుచుకోవద్దు. పిల్లల్ని కత్తిపీట దగ్గరకి రానివ్వకండి, వాళ్లకి పప్పు తినే పని చాలు.

• జీడిపప్పు పడనివాళ్లకి ఈ క్లాసు వద్దు. "కొంచెమే కదా" అని మొహమాటపెట్టకండి.

• పచ్చి గింజలు వేసవిలోనే దొరుకుతాయి.

• పాత నూలు బట్టలు వేసుకోండి. జీడి మరక ఉతికినా వదలదు.

• మిగిలిన గింజలు ఇంటికి తెచ్చి తొక్కతోనే పెనం మీద వేయించకండి. తొక్కలోని జీడి నూనె చిమ్మి మంట అంటుకుంటుంది, పొగకి కళ్లు, గొంతు మండిపోతాయి.