జాంబియాలోని సౌత్ లువాంగ్వా నేషనల్ పార్కులో సఫారీ లాడ్జి, క్యాంప్‌సైట్ ఎలా ఎంచుకోవాలి?

మొదట: ఏ నెలలో వెళ్తారో తేల్చుకోండి

లాడ్జి ఫొటోలు చూసి అడ్వాన్సు కట్టేయకండి. లువాంగ్వా లోయలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. మట్టి బాటలు బురదైపోతాయి, పార్కు లోపలి బుష్ క్యాంపులు (అడవి మధ్యలోని చిన్న విడిదులు) చాలావరకు మూసేస్తారు. జూన్ నుంచి నీటిగుంటలు ఎండేకొద్దీ జంతువులు లువాంగ్వా నది ఒడ్డుకు చేరతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో బాగా కనిపిస్తాయి. కాకపోతే అక్టోబరు ఎండ 40 డిగ్రీలు తాకుతుంది, ఫ్యాన్ ఉందో లేదో కనుక్కోండి. జూలైలో తెల్లవారుజామున టాప్ లేని జీపులో స్వెటర్ లేకుండా కూర్చోలేరు.

తర్వాత: గేటు దగ్గరా, లోపలా?

పార్కు చాలావరకు నదికి పడమటి ఒడ్డున ఉంది. తూర్పు ఒడ్డున, పార్కు ప్రధాన ద్వారమైన ఎంఫువే గేటు చుట్టుపక్కల లాడ్జీలు, క్యాంప్‌సైట్లు ఎక్కువ. ఎయిర్‌పోర్టు దగ్గర, ఖర్చూ తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలున్నవాళ్లకు ఇదే నయం. నడక సఫారీ కోసమే వెళ్తుంటే మాత్రం బుష్ క్యాంపుకు డబ్బు పెట్టొచ్చు. 1950లలో వన్యప్రాణి సంరక్షకుడు నార్మన్ కార్ నడక సఫారీలు మొదలుపెట్టింది ఈ లోయలోనే. నడకలో తుపాకీతో ఒక స్కౌట్ (పార్కు గార్డు) ముందుంటాడు. చిన్నపిల్లలను తీసుకెళ్లరు, వయసు నిబంధన ముందే అడగండి.

రేటు చూసేటప్పుడు

రోజుకు రెండు సఫారీలు, భోజనం, పార్కు ఫీజు, ఎయిర్‌పోర్టు పికప్ కలిపే చెప్తున్నారా? చవగ్గా కనిపించే లాడ్జిలో ఇవన్నీ విడిగా వేస్తే లెక్క తిరగబడుతుంది. క్యాంప్‌సైట్‌లో ఉన్నా రాత్రి సఫారీకి డబ్బు దాచుకోండి. చిరుతపులులకు ఈ పార్కు పెట్టింది పేరు, అవి ఎక్కువగా కదిలేది చీకటి పడ్డాకే. సొంత బండిలో అయితే చీకటి పడేలోగా పార్కు నుంచి బయటికి వచ్చేయాలి.

టెంట్ వేసేవాళ్లకు

పార్కుకు కంచె లేదు. రాత్రి నీటిగుర్రాలు గట్టెక్కి మేస్తాయి, గడ్డి తెంపే చప్పుడు టెంట్‌లోకి వినిపిస్తుంది. అందుకే నదికి ఆనుకున్న చోటు కన్నా బాత్‌రూమ్‌కు దగ్గరి చోటు అడగండి. రాత్రి కాపలా ఉంటుందా, తిండి సామాన్లు పెట్టుకోవడానికి తాళం వేసే చోటుందా కనుక్కోండి. కమలాపండ్లు, మామిడిపండ్లు టెంట్‌లో అసలు వద్దు, వాసనకు ఏనుగులు వచ్చేస్తాయి. లాడ్జిలో గోడలున్నాయి కదా అంటారా? ఎంఫువే లాడ్జిలో నవంబరు ప్రాంతంలో అడవి మామిడికాయల కోసం ఏనుగులు రిసెప్షన్ మీదుగానే నడిచివెళ్తాయి.

శాకాహారులైతే బుకింగ్ మెయిల్‌లోనే రాయండి, గుడ్డు తింటారో లేదో కూడా. బుష్ క్యాంపులకు కూరగాయలు చాలా దూరం నుంచి రావాలి. అక్కడికి వెళ్లాక చెబితే వంటవాళ్లకు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.