త్రీ టర్న్‌లో చక్రాలు కర్రుమంటున్నాయా? ముందు స్కేట్ తిరగేసి చూడండి

తిరుపతిలో పిల్లలకి రోలర్ స్కేటింగ్ నేర్పిస్తుంటాను. సెలెక్షన్స్‌కి పది రోజులుందనగా టెన్షన్‌గా వచ్చే తల్లిదండ్రులది ఎప్పుడూ ఒకటే మాట: "ముందుకి బాగానే పోతుంది సార్, తిరిగేటప్పుడే తేడా." తిరగడమంటే త్రీ టర్న్, ఒంటికాలి మీద పోతూ 3 అంకెలా గీత వచ్చేట్టు ముందు నుంచి వెనక్కి తిరగడం. ఆ తేడా ఏంటో చూడకుండా వందసార్లు అదే టర్న్ చేయిస్తుంటారు.

తిరిగాక ఆగలేక గిర్రున ఇంకా తిరిగిపోతుంటే భుజాలు ఆపడం లేదని అర్థం. తిరిగేచోట ఇరుక్కున్నట్టు ఆగితే బరువు మడమ మీదుంది. ముందు నుంచి వెనక్కి తిరిగేటప్పుడు అది ముందు చక్రాల మీదికి రావాలి. నున్నటి హాల్లో 78ఏ (చక్రం గట్టిదనం కొలత) లాంటి మెత్తటి రోడ్డు చక్రాలు వేసినా స్కేట్ అలాగే నేలకి పట్టేస్తుంది. ఇవన్నీ మీకు తెలిసినవే.

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది వేరే ఉంది. పాప ఔటర్ ఎడ్జ్ మీద, అంటే పాదం బయటి అంచు వైపుకి ఒంగుతుంది, కానీ స్కేట్ మాత్రం తిన్నగా పోతుంది. చివర్లో నడుం విదిలించి తిప్పుతుంది, చక్రాలు కర్రుమని అడ్డంగా జారతాయి. ఒకమ్మాయికి మూడు వారాలు భుజాలే సరిచేశాను. పాపం, ఏడ్చింది కూడా. ఓ సాయంత్రం లేసు కడుతూ స్కేట్ తిరగేస్తే ట్రక్ (చక్రాల ఇరుసుని పట్టుకునే భాగం) నట్టు, అక్కడుండే రబ్బరు నలిగిపోయేంతగా బిగించి ఉంది. నాన్నని అడిగితే, "పడిపోతా ఉంది సార్, అందుకే సైకిల్ షాపులో రవ్వంత బిగించినా" అన్నాడు.

పాదం ఒక పక్కకి ఒరిగితే ఆ రబ్బరు నలిగి, ముందు వెనక ఇరుసులు కొంచెం మెలిక తిరగాలి. స్కేట్ వంపు తిరిగేది అందుకే. నట్టు బిగుసుకుంటే పిల్ల ఎంత ఒంగినా లాభం లేదు.

స్కేట్ తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో బూటు పట్టుకుని, రెండో చేత్తో ట్రక్‌ని అటూ ఇటూ నొక్కండి. కొంచెమైనా ఊగాలి. రెండు స్కేట్లూ ఒకేలా ఊగాలి, ఇదే ఎవరూ చూడరు. ఊగకపోతే నట్టుని పావు చుట్టు వదులు చేసి మళ్ళీ నొక్కి చూడండి. ముందు ట్రక్‌కి, వెనక ట్రక్‌కి విడివిడిగా చేయాలి. మరీ వదిలితే నట్టు ఊడిపోతుంది, లాక్ నట్ (ఆ నట్టు కదలకుండా పట్టి ఉంచే ఇంకో నట్టు) ఉంటే చివర్లో అది బిగించడం మర్చిపోవద్దు. రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటే వదులు చేసినా లాభం లేదు, మార్చేయండి.

ఆ రోజే టర్న్ చేయించకండి. ఇన్నాళ్ళూ బలవంతంగా ఒంగిన పిల్ల ఇప్పుడు అంతే ఒంగితే పడుతుంది. 3 మీటర్ల దారంతో చాక్‌పీస్ సర్కిల్ గీసి, రెండు రోజులు ఔటర్ ఎడ్జ్ మీద ఊరికే స్కేటింగ్ చేయించండి. ముగ్గుపిండి వద్దు, బేరింగుల్లోకి పోతుంది.

ఇరుసు వంగడం, ప్లేట్ (బూటు అడుగున ట్రక్‌లుండే పలక) వంకరగా బిగించడం చాలా అరుదు, షాపులో చూపించండి. బూట్ల మీద బెల్టుతో కట్టుకునే, సైజు పెంచుకునే స్కేట్స్ అయితే మాత్రం వాటి మీద త్రీ టర్న్ రాలేదని పిల్లని తిట్టకండి.