పొట్టిగోడ టైర్లకు ఎండాకాలం గాలి

వరంగల్ నుంచి హైదరాబాద్ హైవే ఎక్కే రోజు గాలి పొద్దున్నే చూడాలి, బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. ఎంత కొట్టించాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చెప్తుంది. టైరు గోడ మీదున్నది గరిష్ఠం, అది చూసి కొట్టించొద్దు. దారిలో వేడికి నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం మామూలే. పంక్చర్ షాపాయన ఆ పెరిగిన గాలి తీసేద్దామన్నా ఒప్పుకోకండి: గాలి తగ్గితే గోడ ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతుంది, పేలేది అట్లనే.

45 సిరీస్ టైరుకు, అంటే గోడ ఎత్తు వెడల్పులో 45 శాతమే ఉండే పొట్టిగోడ టైరుకు, అసలు శత్రువు గుంత. హన్మకొండ గల్లీలో గట్టిగా దెబ్బ తగిలితే దిగి, లోపలి గోడ కూడా చేత్తో తడమండి. చిన్న ఉబ్బు తగిలినా లోపల దారాలు తెగినట్టే. ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే.

గాడి లోతుకు చట్టం హద్దు 1.6 మి.మీ. వానల ముందైతే 3 దగ్గరే మార్చడం మేలు. కొత్తవి కొనేటప్పుడు గోడ మీది నాలుగంకెలు చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.