నొప్పి మాత్రలకు అలవాటు పడ్డవాళ్లను ఎలా గుర్తించాలి, ఎలా బయటికి తేవాలి?

ట్రమడాల్, టాపెంటడాల్ మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, పెంటజొసిన్ ఇంజెక్షన్, బ్రౌన్ షుగర్ (కల్తీ హెరాయిన్). పేర్లు వేరైనా అన్నీ నల్లమందు తరహావే. మత్తు మాన్పించే డీఅడిక్షన్ వార్డులో కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లు "మందుల షాపులో దొరికేది మత్తుమందు ఎలా అవుతుంది సార్?" అని అడుగుతూనే ఉంటారు. ట్రమడాల్‌ను 2018లోనే మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. నడుం నొప్పికి రాసిచ్చిన చీటీతో మొదలైనవాళ్లూ నాకు తెలుసు.

కావలసినవి: ఒక కాగితం, పెన్ను, ఆధార్ కార్డు, ఖాళీ స్ట్రిప్పులు. చివరిసారి ఏది, ఎంత, ఎన్నింటికి వేసుకున్నాడో కాగితం మీద రాయండి. ఫోన్లో రాసుకోకండి, మీవాడు చూస్తాడు.

1. గుర్తించడం

వేసుకున్నప్పుడు కూర్చున్నచోటే కునుకు, దురద, మలబద్ధకం, మసక వెలుతురులో కూడా ఆవగింజంత కంటిపాప. ట్రమడాల్‌తో పాప అంతగా చిన్నది కాకపోవచ్చు, మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు. అందకపోతే అంతా తలకిందులు: ముక్కు కారడం, ఆవలింత మీద ఆవలింత, ఒళ్లు గగుర్పొడవడం, విరేచనాలు, కాళ్లు లాగడం, నిద్ర లేకపోవడం. మాటిమాటికీ "వైరల్ ఫీవర్" అని పడుకుని, బయటికెళ్లొచ్చిన అరగంటలో లేచి తిరిగితే అది వైరల్ కాదు.

క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు మార్ఫిన్ వాడుతున్నవాళ్లను మాత్రం అనుమానించకండి. అది వేరు.

2. అడగడం

మత్తులో ఉన్నప్పుడు అడగకూడదు, అందక వణుకుతున్నప్పుడూ అడగకూడదు. పొద్దున, కాఫీ అయ్యాక, ఒక్కరే అడగాలి. అక్క అడిగితే మంచిది, తండ్రి వద్దు. మామయ్యలనీ పెదనాన్ననీ పిలిచి పంచాయితీ పెట్టారా, ఇక ఆ నోట నిజం రాదు.

3. తీసుకెళ్లడం

14446 మత్తు నుంచి బయటపడటానికి జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక వైద్యశాల ఉన్నాయి. మిగతాచోట్ల ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. ప్రైవేటు సెంటరైతే రిజిస్ట్రేషన్ అడగండి, సైకియాట్రిస్ట్ ఎప్పుడు వస్తారో అడగండి. "కొట్టి దారికి తెస్తాం" అనేచోట ఒక్క నిమిషం కూర్చోవద్దు.

పోలీసు భయంతో ఆగేవాళ్లు ఎక్కువ. వాడినందుకు గానీ, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకు గానీ కేసైనవాళ్లు ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట తామే చికిత్సకు వస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఎ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోవచ్చు.

4. పదో రోజు తర్వాత

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఇంట్లోవాళ్లే మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తారు. వాంతులు, విరేచనాలు, ఏడుపులు. వారం పది రోజులకు మనిషి తేరుకుంటాడు. ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వస్తారు. నాకు భయం మొదలయ్యేది అప్పుడే.

ఆ పది రోజుల్లో తగ్గింది ఒంటి బాధ, కోరిక తగ్గలేదు. ఒళ్లు మాత్రం పాత మోతాదును మరిచిపోతుంది. నెలన్నాళ్ల తర్వాత ఏ పెళ్లిలోనో స్నేహితుడు కనిపిస్తాడు, మీవాడు పాత లెక్క ప్రకారమే వేసుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది. పిలిస్తే పలక్కపోవడం, వింత గురక, నెమ్మదించిన శ్వాస, నీలం తిరిగిన పెదాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం నోట్లో పోయకండి! దీనికి విరుగుడు నలాక్సోన్, అది పడేదాకా ఊపిరి ఆగకుండా చూడటమే పని.

తాళం పద్ధతికి ఇంకో ప్రమాదం ఉంది. ఈ మాత్రలతోపాటు మద్యమో, ఆల్ప్రజోలాం అనే నిద్రమాత్రో కూడా వాడుతుంటే, అవి ఒక్కసారిగా ఆపినప్పుడు ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటి మత్తుమాత్రలు కలిపిన కల్తీ కల్లు మానేసినవాళ్లను చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే బుప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర, నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడాలి. మామూలు షాపుల్లో అమ్మరు, సెంటర్‌లోనే ఇస్తారు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తారా?" అని ప్రతి తండ్రీ అడుగుతాడు. సరైన మోతాదులో ఇది కోరికను అణుస్తుంది. మనిషి ఉద్యోగానికి వెళ్తాడు, అన్నం తింటాడు. షుగర్ మాత్రలు ఎన్నేళ్లు వేసుకుంటున్నారని ఆ తండ్రినే అడుగుతాను. నాల్ట్రెక్సోన్ అనే మరో మందు ఉంది గానీ, దానికి ముందు వారం నుంచి పది రోజులు ఏమీ వాడకుండా ఉండాలి. ఇంటికొచ్చాక చాలామంది ఆ మందు మానేస్తారు. నా ఓటు బుప్రెనార్ఫిన్‌కే.

మొదటి మాత్ర దగ్గర ఒక్క అబద్ధం కూడా చెప్పొద్దు. పాత మందు ఒంట్లో ఉండగానే ఇది వేస్తే, నెమ్మదిగా రావలసిన బాధంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆవలింతలు, ముక్కు కారడం మొదలయ్యాకే ఇస్తారు. చివరిసారి ఏది, ఎంత, ఎన్నింటికి వేసుకున్నాడో రాయమన్నది అందుకే, ఆ కాగితం పని అక్కడే. "నిన్న రాత్రి" అని తల్లి చెప్తుంది, జేబులో స్ట్రిప్ మాత్రం పొద్దుటిది.

5. తర్వాత

ఓపీ తేదీలు తప్పకండి. ఏటీఎం కార్డు మూడు నెలలు అక్క దగ్గరే ఉండాలి. మధ్యలో మళ్లీ వాడితే తిట్లూ ఒట్లూ వద్దు. అదే కాగితం మీద తేదీ, టైం, ఎంత వేసుకున్నాడో రాసి, మర్నాడు పొద్దున్నే అదే ఓపీకి తీసుకెళ్లండి.