ప్రవక్త మాట అంటూ ఫార్వర్డ్ వస్తే మూలం దాకా ఎలా వెళ్లాలి?

“చైనా దాకా వెళ్లైనా సరే చదువుకోండి” అని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పారంటూ ఒక మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది, సభల్లో వక్తలు కూడా ఈ మాట తరచూ చెబుతుంటారు. మాట మంచిదే. కానీ సున్నీలు ప్రామాణికంగా చూసే ఆరు హదీసు గ్రంథాల్లో (హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం) ఇది ఎక్కడా లేదు, 12వ శతాబ్దపు పండితుడు ఇబ్నుల్ జౌజీ అయితే దీన్ని కల్పిత హదీసుల లెక్కలో వేశారు. ఇలాంటివి తేల్చుకోవడానికి అరబీ రానక్కర్లేదు, మదరసాలో చదివి ఉండనక్కర్లేదు, ఇంగ్లిష్ చదవగలిగి కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదట, మంచి చోటు ఎంచుకోండి. పరిశోధనా సంస్థలు ఉచితంగా పెట్టే వ్యాసాలు చాలా ఉన్నాయి, నేను ఎక్కువగా చదివేది యఖీన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లవి. టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటుంది, ఇమామ్ ఒమర్ సులేమాన్ 2016లో స్థాపించారు, విరాళాల మీద నడిచే లాభాపేక్ష లేని సంస్థ. మనిషికి బాధలు ఎందుకొస్తాయి, హదీసులను నమ్మొచ్చా, ఆడవాళ్ల హక్కుల మాటేమిటి, మానసిక సమస్యలొస్తే అది ఈమాన్ (విశ్వాసం) తగ్గడమేనా... ఇంట్లో పెద్దవాళ్లను అడగడానికి పిల్లలు జంకే ప్రశ్నలన్నిటి మీదా ఫుట్‌నోట్లతో సహా రాసిన పేపర్లు అక్కడ దొరుకుతాయి, చదివే తీరిక లేనివాళ్లకు వీడియోలు, పాడ్‌కాస్టులు ఉన్నాయి. దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఈ చదువు ఎన్నో ఏళ్లు ఖరీదైన పుస్తకాల్లోనూ, డబ్బు కడితేగానీ తెరుచుకోని జర్నల్స్‌లోనూ ఉండిపోయింది.

అయితే ఇది విశ్వాసులు నడిపే సంస్థ. జనంలో నమ్మకం బలపడాలన్నదే తమ ఉద్దేశమని వాళ్లే చెప్పుకుంటారు కాబట్టి యూనివర్సిటీలో చరిత్ర శాఖ నుంచి వచ్చే పేపర్ చదివినట్టు దీన్ని చదవకూడదు. ఏ పేపర్‌లోని అభిప్రాయమైనా ఆ రచయితదే అని కూడా స్పష్టంగా రాస్తారు. అందుకని వ్యాసం తెరవగానే రచయిత పరిచయం చూడండి: ఎక్కడ చదివారు, ఏ విషయంలో చదివారు? సైకాలజీ చదివిన మనిషి డిప్రెషన్ మీద రాసిందీ, అదే మనిషి హదీసు శాస్త్రం మీద రాసిందీ ఒకే బరువుతో తీసుకోలేం కదా.

చాలామంది అసలు వెతకడం దగ్గరే ఆగిపోతారు. మనం ఉర్దూ పలుకుబడిలో నమాజ్, రోజా, వజూ, రంజాన్ అంటాం. వాళ్లు అరబీ పద్ధతిలో సలాహ్, సియామ్, వుదూ, రమదాన్ అని రాస్తారు, బలహీనమైన హదీసును మనం జయీఫ్ అంటే వాళ్లు దయీఫ్ అంటారు. మీకు తెలిసిన మాటతో ఏమీ దొరకకపోతే స్పెల్లింగ్ మార్చి మళ్లీ కొట్టండి.

ఇక చదవడం. పైనున్న సారాంశం చదివి షేర్ చేసేయకండి, అసలు సరుకంతా ఫుట్‌నోట్లలో ఉంటుంది. ఒక పేరు పక్కన 256/870 లాంటి అంకెలు కనిపిస్తే కంగారు పడొద్దు, అది ఆ వ్యక్తి చనిపోయిన సంవత్సరం, ముందు హిజ్రీ (ఇస్లామీ క్యాలెండర్), తర్వాత క్రీస్తుశకం. ఈ అంకెలు సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథం కూర్చిన ఇమామ్ బుఖారీవి. ప్రవక్త (స) కన్నుమూసింది 632లో, అంటే ఇద్దరి మధ్య రెండు వందల ఏళ్లకు పైనే గడిచాయి, మరి ఆ మాట బుఖారీ దాకా ఎవరి నోట వచ్చింది? హదీసు శాస్త్రమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

సహీహ్ బుఖారీలో మొట్టమొదటి హదీసే తీసుకోండి, “కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయి” అన్నది. ప్రవక్త (స) నుంచి విన్నది హజ్రత్ ఉమర్, ఆయన దగ్గర అల్‌ఖమా, ఆయన దగ్గర ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆయన దగ్గర యహ్యా బిన్ సయీద్, ఆయన దగ్గర సుఫ్యాన్, ఆయన దగ్గర హుమైదీ, చివరికి బుఖారీ. ఈ వరసను సనద్ అంటారు, చెప్పిన మాటను మత్న్ అంటారు. వరసలో ప్రతి మనిషి ఎవరు, నిజాయితీపరుడేనా, జ్ఞాపకశక్తి ఎలాంటిది, తన ముందువాణ్ని నిజంగా కలిశాడా అని పండితులు తరాల తరబడి ఆరా తీసి సంపుటాలకు సంపుటాలు రాశారు. అందులో ఒక ముఖ్యమైన గ్రంథం, 1449లో మరణించిన ఇబ్ను హజర్ అస్కలానీది, పన్నెండు సంపుటాలు, అచ్చయింది మన హైదరాబాద్‌లోనే! 1888లో మొదలై ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ దాన్ని 20వ శతాబ్దం తొలి దశకంలో వేసింది. ప్రపంచంలో ఎక్కడి పేపర్ చదివినా ఫుట్‌నోట్లలో హైదరాబాద్ అన్న ఊరి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఫుట్‌నోట్‌లో హదీసు నంబర్ దొరికాక సున్నహ్ డాట్ కామ్ లాంటి చోట తెరిచి చూడండి, అరబీ, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉంటాయి. ఇక్కడ ఒక చిక్కుంది: నంబర్లు అచ్చును బట్టి మారతాయి. పైన చెప్పిన సంకల్పం హదీసే సహీహ్ ముస్లిం అనే మరో హదీసు గ్రంథంలో ఒక లెక్కన 1907, పాత ఇంగ్లిష్ అనువాదం లెక్కన 4692. కాబట్టి నంబర్ కలవలేదని హదీసే అబద్ధం అనేయొద్దు, మాటను పట్టుకుని వెతకండి.

తర్వాత దర్జా చూడాలి. సహీహ్ అంటే గట్టిది, హసన్ అంటే ఫర్వాలేదు, ఆధారంగా తీసుకోవచ్చు, జయీఫ్ అంటే బలహీనం, మౌజూ అంటే కల్పితం. ఈ దర్జా ఎవరిచ్చారో కూడా పక్కన ఉండాలి, ఎందుకంటే పండితుల మధ్య తేడాలుంటాయి, ఒక్కోసారి ఒకే హదీసు లోపలే తేడా ఉంటుంది. “విద్య నేర్వడం ప్రతి ముస్లింకూ విధి” అన్న హదీసు ఇబ్ను మాజా అనే గ్రంథంలో 224వ నంబర్. 20వ శతాబ్దపు హదీసు పండితుడు అల్బానీ ఆ మొదటి వాక్యాన్ని సహీహ్ అన్నారు, దాని వెనకే వచ్చే మిగతా వాక్యాన్ని మాత్రం చాలా బలహీనం అన్నారు. చదువు గొప్పతనం చెప్పాలనుకునేవాళ్లకు చైనా మాట కంటే ఈ మొదటి వాక్యం ఎంతో నయం.

ఖుర్ఆన్ ఆయత్ (వాక్యం) అయితే పద్ధతి వేరు. సనద్ గొడవ లేదు, ముందూ వెనకా చదవాలి. సోషల్ మీడియా వాదనల్లో అందరూ ఎత్తే తౌబా సూరా (అధ్యాయం) 5వ ఆయత్‌లో బహుదైవారాధకులను చంపమన్న మాట ఉంది. దాని ముందున్న 4వ ఆయత్ ఒప్పందానికి కట్టుబడినవాళ్లను మినహాయించి, గడువు దాకా మాట నిలబెట్టుకోమంటుంది. 6వ ఆయత్ వాళ్లలో ఎవరైనా శరణు కోరితే ఇవ్వమని, దేవుని వాక్కు వినిపించి, సురక్షితమైన చోటికి చేర్చమని చెబుతుంది. మూడూ కలిపి చదివి, ఆపైన ఏదైనా తఫ్సీర్‌లో (ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో) అది ఏ యుద్ధ సందర్భంలో దిగిందో చూడండి. ముస్లిమేతర మిత్రులు అడిగినప్పుడు కోపగించుకోకుండా ఈ మూడు ఆయతులూ తెరిచి చూపించండి, ఎంతో మాట్లాడుకోవచ్చు.

వ్యాసం ఫత్వా (ముఫ్తీ ఇచ్చే మతపరమైన తీర్పు) కాదు. తలాఖ్, వారసత్వం, జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) లెక్క లాంటివి మీ ఇంటి సమస్య అయినప్పుడు వివరాలన్నీ విని చెప్పే ఆలిమ్ (మత పండితుడు) దగ్గరికే వెళ్లాలి. మన రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వాళ్లు, అమెరికాలో రాసినవారు వేరే మజ్‌హబ్ ప్రకారం చెప్పి ఉండొచ్చు. హైదరాబాద్‌లో 1876 నుంచి ఉన్న ఇస్లామీ విద్యాసంస్థ జామియా నిజామియా లాంటి చోట్ల ముఫ్తీలు ప్రశ్నలకు జవాబిస్తారు. వెళ్లేముందు చదివి వెళ్తే మీ ప్రశ్న సూటిగా ఉంటుంది.

తెలుగులో పంచాలనుకుంటే వ్యాసం మొత్తం అనువదించే ముందు సంస్థను అనుమతి అడగండి, రెండు మూడు ముక్కలే అయితే మీ మాటల్లో రాసి రచయిత పేరు, లింకు ఇవ్వండి. హదీసు కింద గ్రంథం పేరు, నంబర్, దర్జా, అది ఎవరిచ్చారన్నది, ఈ నాలుగూ ఒకే లైన్‌లో పెట్టండి, అప్పుడు మీ మెసేజ్ అందుకున్నవాళ్లు కూడా తెరిచి చూసుకోగలుగుతారు.