మన ల్యాప్‌టాప్ మనమే చెక్ చేసుకుందాం, 3వ పాఠం: ఫాస్ట్ టెస్ట్ పాసైందని వదిలేయకండి

పోయినసారి హార్డ్‌వేర్‌ని పరీక్షించే డయాగ్నొస్టిక్స్ మెనూ తెరవడానికి, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ హెచ్‌పీలో ఎస్కేప్, తర్వాత ఎఫ్2 అని చెప్పాను కదా, చాలామందికి ఆ మెనూ రాకుండా నేరుగా విండోస్ వచ్చేసింది. చాలావరకు ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. విండోస్ 8 నుంచి మామూలుగా షట్‌డౌన్ కొడితే సిస్టమ్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుందంతే. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి, ఇంక పవర్ నొక్కిన మరుక్షణం నుంచి ఎస్కేప్‌ని టపటపా కొడుతూనే ఉండండి. నొక్కి పట్టుకోవద్దు. డెల్ వాళ్ళు ఎఫ్12 కొట్టి డయాగ్నొస్టిక్స్ ఎంచుకోండి.

లోపలికి వెళ్ళాక ఏముంది, అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కానీ ఒక్క విషయం దగ్గరే అందరూ బోల్తా పడుతున్నారు. సిస్టమ్ ఫాస్ట్ టెస్ట్ పెడతారు, కొద్ది నిమిషాల్లో పాస్ అని వస్తుంది, హార్డ్‌వేర్ బాగానే ఉందనుకుని షాపుకెళ్ళి ఫార్మాట్ కొట్టించుకుంటారు, వారం తిరక్కుండా మళ్ళీ బ్లూ స్క్రీన్. ఫాస్ట్ టెస్ట్ పైపైన చూస్తుందండీ. ర్యామ్‌లో ఏదో ఒక్కచోట, అదీ వేడెక్కాక మాత్రమే తప్పు దొర్లుతుంటే దానికి దొరకదు. హార్డ్ డిస్క్‌దీ అంతే, షార్ట్ డీఎస్‌టీ (డ్రైవ్ సెల్ఫ్ టెస్ట్, అంటే డిస్క్ తనను తానే పరీక్షించుకోవడం) డిస్క్‌లో కొంత భాగమే చదువుతుంది, లాంగ్ డీఎస్‌టీ మొత్తం చదువుతుంది. ఫైల్ కాపీ చేస్తుంటే ఒకేచోట ఆగిపోతోందా, లాంగే పెట్టండి. స్మార్ట్ చెక్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకున్న లెక్క చూసేది) పాసైనా సరే పెట్టండి, బ్యాడ్ సెక్టార్లు (పాడైపోయిన చోట్లు) మొదలైన డిస్క్ కూడా స్మార్ట్‌లో పాసవ్వగలదు. ఫాస్ట్ టెస్ట్‌లో ఫెయిలైతే మాత్రం నమ్మొచ్చు, పాసైతే ఇంకా ఏమీ తేలనట్టే.

నేనైతే ఫాస్ట్ టెస్ట్ జోలికే పోను, కాంపొనెంట్ టెస్ట్స్‌లోకి వెళ్ళి ముందు మెమరీ (అంటే ర్యామ్), తర్వాత డిస్క్ విడివిడిగా పెడతాను, ఏది పోయిందో అక్కడే తెలిసిపోతుంది.

ఫెయిల్ వస్తే హెచ్‌పీలో స్క్రీన్ మీద 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ వస్తుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వారంటీ ఉంటే కస్టమర్ కేర్ వాళ్ళు అడిగేది అదే. డిస్క్ ఫెయిలైతే ఇంకే టెస్టూ వద్దు, ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు బయటికి కాపీ చేసుకోండి, ఆ డిస్క్ మీద ఫార్మాట్ అసలు కొట్టించకండి.

ప్రాక్టీస్: ఈ రాత్రి చార్జర్ పెట్టి, ఎక్స్‌టెన్సివ్ మెమరీ టెస్ట్‌ని లూప్ అంటిల్ ఎర్రర్‌లో (తప్పు దొరికేదాకా మళ్ళీ మళ్ళీ నడిచేలా) వదిలేసి పడుకోండి. కింద పరుపు కాదు, గట్టి బల్ల ఉండాలి. పొద్దున ఎర్రర్ కనిపిస్తే, రెండు ర్యామ్ స్టిక్‌లున్నవాళ్ళు పవర్ తీసేసి, ఒక్కోటే ఒకే స్లాట్‌లో పెట్టి మళ్ళీ నడపండి. రెండూ ఫెయిలైతే ఇంకో స్లాట్‌లో కూడా చూడండి, స్టిక్ కొనేముందు తప్పు స్లాట్‌ది కాదని తేలాలి.